శ్రీశైలం దారిలో అడవిని చూద్దాం రండి

శ్రీశైలం వెళ్లని తెలుగు కుటుంబం అరుదు. మొక్కు తీర్చుకోవడానికి ఒకసారి, డ్యామ్ గేట్లు ఎత్తారని టీవీలో చూసి ఇంకోసారి, ఊరి నుంచి చుట్టాలొచ్చారని మరోసారి... హైదరాబాద్ నుంచి ఏదో ఒక వంకతో బండి అటు తిరుగుతూనే ఉంటుంది. తిరిగొచ్చినవాళ్లని ‘దారిలో ఏం చూశారు?’ అని అడిగి చూడండి. ‘ఏముందీ... మన్ననూరు దాటాక అంతా అడవే కదా!’ అంటారు.

‘అంతా అడవే’ అని తేలిగ్గా కొట్టిపారేసే ఆ దారి మామూలు దారి కాదు. మన్ననూరు చెక్‌పోస్టు నుంచి దోమలపెంట దాకా 50 కిలోమీటర్లకు పైగా మన కారు పరిగెత్తేది అమ్రాబాద్ పెద్దపులుల అభయారణ్యంలో. దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అంటే 2007లో ఏర్పడినప్పటి హైదరాబాద్ మహానగర పాలక సంస్థలాంటివి నాలుగు అందులో పట్టేస్తాయి. ఇలాంటి అడవిలో తిరగడానికే కదా, సెలవులు పెట్టి, వేలు పోసి ఎక్కడెక్కడికో వెళ్తుంటాం! మన ఇంటి పక్కనే ఉన్నదాన్ని మాత్రం అద్దాలు బిగించి, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని గంటలోపే దాటేస్తాం. వెనక సీట్లో పిల్లలు అప్పటికే నిద్రలో ఉంటారు.

ఈసారి అలా కాకుండా, దర్శనంతో పాటు దారిని కూడా లెక్కలో వేసుకుని ప్రయాణం కడదాం. పెద్ద ఖర్చేమీ లేదు. కావాల్సిందల్లా కాస్త ముందుచూపు, కాస్త నిదానం.

ఒక్క అడవి... రెండు పేర్లు

ముందు మనం వెళ్లేది ఎక్కడికో తెలుసుకుందాం. కృష్ణకు రెండు వైపులా పరుచుకున్న నల్లమలను 1978లో వన్యప్రాణుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందకు తెచ్చారు. నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు అన్నది దాని పేరు. 2014లో రాష్ట్రం రెండయినప్పుడు అడవీ రెండయింది. కృష్ణకు ఉత్తరాన ఉన్నది తెలంగాణలో అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా మారింది. దక్షిణాన ఉన్నది పాత పేరుతోనే ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. పులులకు ఈ విభజన సంగతి తెలియదు. నీళ్లు తగ్గినప్పుడు కృష్ణను ఈదుకుంటూ ఇటూ అటూ తిరుగుతుంటాయి.

ఇది కేరళలో మాదిరి ఎప్పుడూ పచ్చగా ఉండే అడవి కాదు. ఎండాకాలం ఆకు రాల్చేసే అడవి. టేకు, నల్లమద్ది, ఏగిస, బిల్లుడు, తునికి, ఇప్ప, వెదురు... ఇవీ ఇక్కడి చెట్లు. ఆకు రాలిన అడవిని చూసి ‘ఎండిపోయింది పాపం’ అనుకోకండి. అది ఎండిపోవడం కాదు, నీళ్లు పొదుపు చేసుకోవడం. ఆకు లేనప్పుడే జంతువు బాగా కనిపిస్తుంది కూడా.

ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉన్న కుటుంబాలకు ఇదే సరైన కాలం. తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. స్వెట్టర్లు మర్చిపోవద్దు.

జంతువులు ఎక్కువగా కనబడాలంటే మాత్రం ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా వెళ్లాలి. ఆకు రాలి ఉంటుంది. వాగులు ఎండిపోతాయి. అటవీశాఖ వాళ్లు నింపే నీటి తొట్ల దగ్గరకు, మిగిలిన మడుగుల దగ్గరకు జంతువులు వస్తాయి. మోదుగ చెట్లు ఒక్క ఆకైనా లేకుండా, నిప్పంటుకున్నట్టు ఎర్రగా పూసి ఉంటాయి. ఇప్పపూలు రాలే రోజుల్లో వాటి తీపికి ఎలుగుబంట్లు దిగి వస్తాయి. మే నెలలో ఎండ మండిపోతుంది, పిల్లలతో కష్టం.

వానాకాలంలో అడవి చూడటానికి అందంగా ఉంటుంది. కానీ జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు మూసేస్తారు. చాలా జంతువులు జతకట్టే, పిల్లల్ని సాకే కాలం అది. అడవి లోపలి దారులు కూడా బురదమయం. రోడ్డు మీద నుంచి పచ్చదనం చూసుకుంటూ వెళ్లొచ్చు, అంతే. ఇక డ్యామ్ గేట్లు ఎత్తిన ఆదివారం, శివరాత్రి రోజులు, కార్తీక సోమవారాలు... ఆ రోజుల్లో దర్శనానికి వెళ్లండి, అడవి చూడటానికి మాత్రం వద్దు. బండి వెనక బండి ఉన్నచోట దుప్పి ఎందుకు నిలబడుతుంది?

ఆరింటికి గేటు తీస్తారు

ఈ దారిలో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా బండ్లను ఆపేస్తారు. ‘ఎనిమిదిన్నరకల్లా మన్ననూరు అందుకోవాలి’ అని డ్రైవర్లు యాక్సిలరేటర్ తొక్కిపట్టేది అందుకే. కానీ అడవి చూడాలనుకునేవాళ్లకు ఈ గేటు అడ్డంకి కాదు, వరం. తొమ్మిది గంటల పాటు చప్పుడు లేకుండా ఉన్న రోడ్డు మీదకు ఉదయం ఆరింటికి మొదటగా వెళ్లే బండి మీదే అయితే? దుప్పులు ఇంకా రోడ్డు పక్కనే మేస్తుంటాయి. నెమళ్లు తారు మీదే తిరుగుతుంటాయి. అదే తొమ్మిదింటికి వెళ్తే చెట్లూ, కోతులూ తప్ప ఏమీ కనబడవు.

కాబట్టి హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున మూడింటికి లేచి, నిద్రకళ్లతో నడుపుకుంటూ వెళ్లాలా? వద్దు. ఇంతకంటే మంచి పద్ధతి ఉంది.

శనివారం మధ్యాహ్నం భోంచేసి బయల్దేరండి. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు మీదుగా డిండి వస్తుంది. అక్కడ జలాశయం పక్కన కాసేపు ఆగితే నీటిపక్షులు కనిపిస్తాయి. తర్వాత హాజీపూర్, ఆపైన మన్ననూరు. హైదరాబాద్ నుంచి ఇక్కడికి సుమారు 140 కిలోమీటర్లు, మూడు గంటల ప్రయాణం. నాలుగింటికల్లా చేరితే సాయంత్రం సఫారీ అందుతుంది. అటవీశాఖ వసతి, సఫారీ రెండింటికీ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. శని, ఆదివారాలైతే మరీ ముందుగా.

సఫారీ అంటే ఫరహాబాద్ గేటు నుంచి అటవీశాఖ వాహనంలో లోపలికి తీసుకెళ్తారు. సొంత కార్లను రానివ్వరు. ఫరహాబాద్ వ్యూపాయింట్ దగ్గర కొండ అంచున నిలబడితే కింద నల్లమల అలలు అలలుగా కనబడుతుంది. ఫరహ్ అంటే ఉర్దూలో సంతోషం. నిజాం కాలంలో ఇది వేట విడిది. అప్పట్లో తుపాకులతో వచ్చిన చోటికి ఇప్పుడు మనం కెమెరాలతో వెళ్తున్నాం. ఇది మంచి మార్పే కదా!

రాత్రి మన్ననూరులో పడుకుని, ఆదివారం ఉదయం ఆరింటికల్లా చెక్‌పోస్టు దగ్గర ఉండండి. వటవర్లపల్లి మీదుగా నిదానంగా వెళ్తే ఎనిమిదిన్నరకల్లా దోమలపెంట. మధ్యలో ఆక్టోపస్ వ్యూపాయింట్ వస్తుంది. అక్కడి నుంచి చూస్తే కొండల మధ్య మెలికలు తిరిగిన కృష్ణ జలాలు చేతులు చాచినట్టే ఉంటాయి, పేరు అందుకే. దోమలపెంటలో టిఫిన్. ఈగలపెంట దాటాక ఘాట్ మలుపులు మొదలవుతాయి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లకు నిమ్మకాయ చేతికివ్వండి. డ్యామ్ చూసుకుని పైకెక్కితే దర్శనం వేళకు గుళ్లో ఉంటారు.

తిరుగు ప్రయాణంలోనూ ఒక కిటుకు ఉంది. మూడు, మూడున్నరకు శ్రీశైలం నుంచి బయల్దేరితే నాలుగున్నర నుంచి ఆరింటి దాకా మళ్లీ అడవిలోనే ఉంటారు. పొద్దు వాలే వేళ జంతువులు మేతకు బయటికొచ్చే సమయం. చీకటి పడేలోపు మన్ననూరు దాటేస్తారు. ఒక్క ప్రయాణంలో అడవిని సాయంత్రం రెండుసార్లు, ఉదయం ఒకసారి చూసినట్టు!

‘నాన్నా, పులి ఏదీ?’

చెక్‌పోస్టు దాటిన ఐదు నిమిషాలకే వెనక సీటు నుంచి ఈ ప్రశ్న వస్తుంది. జవాబు ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్లండి. ఇక్కడ పులులున్న మాట నిజం. కానీ ఇంత పెద్ద అడవిలో అవి పదుల సంఖ్యలోనే. పైగా మనిషి కంటబడకుండా తిరగడమే వాటి బతుకు విద్య. రోడ్డు మీద నుంచి పులిని చూస్తే అది అదృష్టం. చూడకపోతే అది అడవి. జూలో అయితే టికెట్ కొన్నాం కాబట్టి చూపించాలి. ఇక్కడ మనం అతిథులం.

మరి ఏం చూడొచ్చు? చుక్కల దుప్పులు తరచుగా కనబడతాయి. కాస్త పెద్దగా, ముదురు గోధుమ రంగులో, ఒంటరిగా ఉంటే అది కణితి. దాన్నే సాంబర్ అంటారు. గుర్రానికీ ఆవుకీ మధ్యలో ఉన్నట్టుండేది మనుబోతు. పొదల్లో చిన్నగా గెంతే కొండగొర్రెను గమనించండి. మగదానికి నాలుగు కొమ్ములుంటాయి. అడవిపందులు, కొండముచ్చులు, ఉడుములు, నెమళ్లు, అడవికోళ్లు సరేసరి. కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్టను దసరానాడు వెతుక్కుంటాం కదా, ఇక్కడ ఏ రోజైనా కనిపించవచ్చు. చిరుత, ఎలుగుబంటి, రేసుకుక్కలు కూడా ఉన్నాయి, కనబడితే మీ అదృష్టం. కుందేలంత ఉండే మూషిక జింక ఇంకో విశేషం. హైదరాబాద్‌లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు, నెహ్రూ జంతు ప్రదర్శనశాల కలిసి వాటిని పెంచి, కొన్నింటిని ఈ అడవిలోనే వదిలారు.

చూడటానికీ ఒక పద్ధతుంది. పాటలు ఆపేయండి. ఏసీ కట్టేసి అద్దాలు సగం దించండి. ఎడమ పక్క ఒకరు, కుడి పక్క ఒకరు చూడాలని పంచుకోండి. నడిపేవాళ్లు మాత్రం రోడ్డునే చూడాలి. జంతువు మొత్తం కనబడుతుందని వెతక్కండి. చెవి కదలడం, తోక ఊపడం, పొదలో అడ్డంగా ఒక గీత... అడవిలో చెట్లు నిలువుగా ఉంటాయి, జంతువు వీపు అడ్డంగా ఉంటుంది. అడ్డగీత కనిపించిందంటే అక్కడేదో ఉన్నట్టే.

చెవులకూ పని చెప్పండి. కొండముచ్చులు చెట్టు పైన, దుప్పులు చెట్టు కింద కలిసి ఉండటం తరచూ చూస్తాం. పైవాళ్లు తిని పారేసిన ఆకులు, కాయలు కిందివాళ్లకు భోజనం. పైవాళ్ల చూపు, కిందివాళ్ల ముక్కు కలిస్తే ఇద్దరికీ కాపలా. చిరుతనో పులినో చూస్తే కొండముచ్చు గొంతు బొంగురుగా ‘ఖక్ ఖక్’ మంటుంది. దుప్పి కీచుమంటూ అరుస్తుంది. కణితి తోక ఎత్తి, కాలు నేలకేసి కొట్టి, గంట మోగినట్టు ‘ఢాంక్’ అంటుంది. మిగతావి ఊరికే ఉలిక్కిపడి అరిచినా, కణితి మాత్రం ఉత్తినే అరవదని అడవిలో తిరిగేవాళ్ల నమ్మకం. ఆ అరుపు వింటే ఇంజిన్ శబ్దం తగ్గించి రెండు నిమిషాలు ఎదురుచూడండి. ఏమీ రాకపోయినా సరే, అడవి మాట్లాడుకోవడం విన్నారు కదా. పిల్లలు బడిలో ఈ సంగతి పది రోజులు చెప్పుకుంటారు.

పాతిక నిమిషాల ఖరీదు

ఇక అసలైన మాట. ఈ దారిలో మీకు కనబడే జంతువుల్లో కొన్ని చచ్చిపడి ఉంటాయి. కోతి, పాము, ఉడుము, అడవిపిల్లి... ఒక్కోసారి దుప్పి. వేటగాళ్లు చంపినవి కావు, దర్శనానికి వెళ్తున్నవాళ్లు చంపినవి. కావాలని ఎవరూ గుద్దరు. తొందరే గుద్దిస్తుంది.

చిన్న లెక్క వేసి చూద్దాం. 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో వచ్చిందని కన్ను చూసి, కాలు బ్రేకు మీదకు వెళ్లేసరికే ఆ సెకను అయిపోతుంది. 40లో వెళ్తే అదే సెకనుకు 11 మీటర్లే. బ్రేకు పడ్డాక బండి ఆగడానికి పట్టే దూరం చూస్తే తేడా రెండింతలు కాదు, నాలుగింతలు. దుప్పి పొదలోంచి దూకి రోడ్డు దాటడానికి ఎంతసేపు? ఒక్కటి దాటిందంటే వెనక ఇంకో రెండు ఉంటాయని గుర్తుంచుకోండి. గుంపుగా తిరిగే జంతువులవి. మొదటిది దాటాక ‘హమ్మయ్య’ అని వేగం పెంచేవాళ్లే రెండోదాన్ని గుద్దుతారు.

చీకట్లో ప్రమాదం ఇంకా ఎక్కువ. దుప్పి కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. మసక వెలుగులో చూడటానికి ప్రకృతి ఇచ్చిన వరం అది. హెడ్‌లైటు పడగానే ఆ వరమే శాపమవుతుంది. కళ్లు జిగేల్‌మని ఎటు వెళ్లాలో తెలియక అక్కడే నిలబడిపోతుంది. పాముల సంగతి వేరు. పొద్దుగూకాక కూడా తారు రోడ్డు వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం కోసం వచ్చి పడుకుంటాయి.

రాత్రిపూట గేటు మూసేది ఇందుకే. కర్ణాటకలోని బందిపూర్ అడవిలో ఇలాగే 2009లో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపితే పెద్ద గొడవే జరిగింది. 2010లో ఆ రాష్ట్ర హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. మన దారిలోనూ వెడల్పు చేయాలని, ఎత్తున వంతెనలాంటి రోడ్డు వేయాలని ప్రతిపాదనలు వస్తూనే ఉన్నాయి. కింద జంతువులు, పైన బండ్లు వెళ్లొచ్చన్నది ఒక మాట. అంత పెద్ద కట్టడాన్ని అడవి తట్టుకుంటుందా అన్నది ఇంకో మాట. అది పెద్దలు తేల్చాల్సిన సంగతి. మన చేతిలో ఉన్నది మన కాలి కింది యాక్సిలరేటరే.

యాభై కిలోమీటర్ల అడవిని 60 వేగంతో దాటితే 50 నిమిషాలు. 40 వేగంతో దాటితే 75 నిమిషాలు. తేడా పాతిక నిమిషాలు. హైదరాబాద్‌లో ఒక్క కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఇంతసేపు పోగొట్టుకున్న రోజులు లేవా? ఒక ప్రాణానికి ఇది ఎక్కువ ధర కాదు. పైగా ఈ పాతిక నిమిషాలు ఊరికే పోవు. 60లో వెళ్తే పచ్చటి గీతలా కనబడిన అడవి, 40లో వెళ్తే చెట్టు చెట్టుగా కనబడుతుంది. జంతువుకు మేలు చేసే వేగమే మనకు జంతువును చూపించే వేగం కూడా.

అరటిపండుతో వచ్చే చేటు

‘అయ్యో పాపం, ఆకలేస్తోందేమో’ అని నాయనమ్మ అద్దం దించి అరటిపండు విసురుతుంది. హనుమంతుడికి పెట్టినట్టే అని ఆమె మనసులో. ఆమె మనసును తప్పుపట్టలేం. కానీ ఆ పండు కోసం కోతి రోడ్డు మధ్యకొస్తుంది. వెనక వచ్చే బండి కింద పడుతుంది. దాని కళేబరం కోసం ఇంకో జంతువు వస్తుంది. అదీ పోతుంది. బతికిన కోతి అడవిలో కాయలు వెతుక్కోవడం మానేసి, రోజంతా రోడ్డు పక్కన బిచ్చగత్తెలా కూర్చుంటుంది. దాని పిల్లలకు అడవి తిండి ఎక్కడ దొరుకుతుందో నేర్పేవాళ్లుండరు. రేపు తిండి పెట్టనివాళ్ల చేతిలో సంచి లాక్కుంటుంది, కరుస్తుంది.

పెద్దవాళ్లకు ‘తప్పు’ అని చెప్తే చిన్నబుచ్చుకుంటారు. ‘అత్తయ్యా, ఈ పళ్లు గుడి దగ్గర ఆవులకు పెడదాం’ అంటే పుణ్యమూ పోదు, కోతీ పోదు.

చిప్స్ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు, ప్రసాదం కవర్లదీ ఇదే కథ. ఉప్పు, తీపి వాసన అంటిన కవరును దుప్పి మేతతో పాటే మింగేస్తుంది. అది అరగదు, బయటికి రాదు. కారులో ఒక చెత్త సంచి కట్టుకోండి. దాన్ని అడవి దాటాకే ఖాళీ చేయండి. కాల్చిపారేసిన సిగరెట్ ముక్క సంగతి చెప్పనక్కర్లేదు. ఫిబ్రవరి నుంచి మే దాకా నేలంతా ఎండుటాకులే. ఒక్క నిప్పురవ్వ చాలు, ఎకరాలకు ఎకరాలు బూడిద. నేల మీద గూడు పెట్టిన అడవికోడి గుడ్లతో సహా.

పెంట అంటే ఊరు

దోమలపెంట, ఈగలపెంట, సున్నిపెంట... ఈ పేర్లు విని పిల్లలు పడీపడీ నవ్వుతారు. నవ్వనివ్వండి. తర్వాత అసలు అర్థం చెప్పండి. చెంచులు తమ గూడేన్ని పెంట అంటారు. ఈ అడవిలో ఇప్పటికీ చెంచు పెంటలున్నాయి. వేటాడి, దుంపలు తవ్వి, తేనె తీసి, తరతరాలుగా అడవితోనే బతికిన జనం వాళ్లు. శ్రీశైలం మల్లన్నను చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు. మనం కారులో వెళ్లి చూసొచ్చే దేవుడు వాళ్లకు ఇంటి మనిషి.

సఫారీలో చెంచు యువకుడు గైడుగా వస్తే మీ పంట పండినట్టే. మీరు మట్టి చూసే చోట అతను అడుగుజాడ చూస్తాడు. ఏ జంతువు, ఎటు వెళ్లింది, రాత్రి వెళ్లిందా తెల్లవారి వెళ్లిందా చెప్తాడు. పిల్లల్ని అతని పక్కన కూర్చోబెట్టండి. ‘ఏమండీ’ అని పిలవమనండి. ఇంగ్లీషు పుస్తకాల్లో లేని చదువది.

పులుల కోసం పెంటలను అడవి బయటికి తరలించాలా అన్న చర్చ ఏళ్లుగా నడుస్తోంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వాళ్లకు ఇక్కడ హక్కులిచ్చింది. యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు, 2019లో, అడవి కోసం ముందు నిలబడింది ఇక్కడివాళ్లే. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం కూడా చేసింది. కాబట్టి పెంట పక్కన కారాపి, గుడిసెలను, పిల్లలను ఫొటోలు తీయడం మర్యాద కాదు. మన వాకిట్లోకి ఎవరో వచ్చి అలా చేస్తే ఒప్పుకుంటామా? ఏదైనా చేయాలనుకుంటే గిరిజన సహకార సంస్థ అమ్మే అడవి తేనె ఒక సీసా కొనండి.

బయల్దేరే ముందు

ఈ చిన్న జాబితాను ఫ్రిజ్ తలుపుకు అంటించుకోండి.

• పెట్రోలు మన్ననూరుకు ముందే నింపుకోండి. అడవిలో బంకులుండవు. టైర్లు, స్టెప్నీ చూసుకోండి.

• ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. ఎన్నింటికి అడవిలోకి వెళ్తున్నారో, ఎన్నింటికి బయటికొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి.

• బాత్‌రూం పనులు మన్ననూరులోనే కానివ్వండి. ‘రెండు నిమిషాలు, ఆ చెట్టు చాటుకు’ అనే మాట అడవిలో పనికిరాదు. చెట్టు చాటున ముందే ఎవరో ఉండొచ్చు.

• ఎరుపు, తెలుపు బట్టల బదులు మట్టి రంగు, ఆకుపచ్చ రంగు వేసుకోండి. ఘాటైన సెంట్లు వద్దు.

• ఒక బైనాక్యులర్ తీసుకెళ్లండి. ఫోన్ కెమెరాలో చుక్కలా పడే దుప్పి దానిలో రెప్పలతో సహా కనబడుతుంది.

• పులిహోర, పెరుగన్నం స్టీలు డబ్బాల్లో, నీళ్లు స్టీలు సీసాల్లో. తినడం ఊరున్న చోటే, అడవి మధ్యలో కాదు.

• జంతువు కనబడితే హారన్ కొట్టొద్దు, కిందికి దిగొద్దు. వెనక బండి చూసుకుని నెమ్మదిగా పక్కకు ఆపండి. ఒక్క నిమిషం చూసి కదలండి. మలుపుల్లో మాత్రం ఆపనే వద్దు.

• పిల్లలకు ఒక నోటుబుక్కు ఇవ్వండి. ఏ జంతువు, ఎన్ని, ఎన్ని గంటలకు, ఏం చేస్తోంది... నాలుగు గడులు చాలు. రోడ్డు మీద చనిపోయి కనబడినవాటినీ రాయమనండి. ఆ పేజీ చూశాక మీతో ఎవరూ వేగంగా నడిపించలేరు.

వటవర్లపల్లి నుంచి పక్కకు వెళ్తే మల్లెలతీర్థం జలపాతం ఉంది. వానలు వెలిశాక కొన్ని నెలలు నీళ్లు బాగుంటాయి. చాలా మెట్లు దిగి ఎక్కాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఇబ్బంది పెట్టకండి. అచ్చంపేట వైపు వెళ్లగలిగితే కొండ అంచున ఉమామహేశ్వరం ఉంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు. రెండూ ఒకే ప్రయాణంలో ఇరికించాలనుకుంటే మళ్లీ తొందరే మిగులుతుంది. ఒకటి వచ్చేసారికి ఉంచుకోండి.

అవతలి ఒడ్డు వాళ్లకు

ఒంగోలు, గుంటూరు, కర్నూలు వైపు పాఠకులు ‘మరి మాకో?’ అనుకోవద్దు. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్ రోడ్డు, ఆత్మకూరు నుంచి దోర్నాల వచ్చే రోడ్డు... రెండూ దేశంలోకెల్లా పెద్దదైన నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు గుండానే వెళ్తాయి. దోర్నాల దారిలో తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ సఫారీ ఉంది. ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో, నంద్యాల-గిద్దలూరు దారిలోని పచ్చర్లలో అడవి విడిదులున్నాయి.

ఆ నంద్యాల-గిద్దలూరు అడవికి ఒక ప్రత్యేకత ఉంది. నెమలి కంఠంలా నీలంగా మెరిసే ఒక పెద్ద సాలీడును 1899లో గుత్తి దగ్గర దొరికిందని శాస్త్రవేత్తలు రాసుకున్నారు. ఆ తర్వాత వందేళ్ల పాటు అది శాస్త్రవేత్తల కంటికి కనబడలేదు. 2001లో ఈ అడవిలో మళ్లీ దొరికింది. వందేళ్లుగా అది అక్కడే చెట్ల తొర్రల్లో బతుకుతోంది. పక్కనే రోడ్డు మీద మనం తిరుగుతూనే ఉన్నాం.

నల్లమల అంతా ఇలాంటిదే. మనం చూడనంత మాత్రాన అక్కడ ఏమీ లేదని కాదు. వచ్చే శనివారం మధ్యాహ్నం తీరిక ఉంటే సంచి సర్దండి. పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. చెక్‌పోస్టు దాటగానే పాటలు ఆపి, ముల్లును నలభై దగ్గర నిలపండి. మిగతాది అడవి చూసుకుంటుంది.